పంచాయతీ పోయింది, కౌన్సిల్ రాలేదు: విజయవాడ, గుంటూరు శివార్లలో మున్సిపాలిటీలు ఎలా పుడుతున్నాయి?

బెంజ్ సర్కిల్ నుంచి బందరు రోడ్డు మీద మచిలీపట్నం వైపు వెళ్తే ఆటోనగర్ దాటగానే కానూరు, ఆ వెంటనే తాడిగడప, పోరంకి వస్తాయి. విజయవాడ ఎక్కడ అయిపోయిందో, కానూరు ఎక్కడ మొదలైందో బస్సులో కూర్చున్నవాళ్ళు చెప్పలేరు. అవే అపార్ట్‌మెంట్లు, అవే కాలేజీ బస్సులు, అదే ట్రాఫిక్. కాగితాల మీద మాత్రం 2020 దాకా ఈ మూడూ, కృష్ణ కరకట్ట పక్కనున్న యనమలకుదురూ నాలుగు వేర్వేరు గ్రామ పంచాయతీలు. ఆ తర్వాత ఈ నాలుగింటినీ కలిపి తాడిగడప మున్సిపాలిటీ చేశారు. 2011 జనాభా లెక్కల్లో కానూరుకు 49 వేలు, యనమలకుదురుకు 34 వేలు వచ్చాయి. రాష్ట్రంలో ఇంతకన్నా తక్కువ జనంతో ఎప్పటినుంచో మున్సిపాలిటీలుగా ఉన్న ఊళ్ళున్నాయి.

ఇలాంటి ఊళ్ళను జనగణన శాఖ సెన్సస్ టౌన్లు అంటుంది. జనాభా 5 వేలు దాటాలి, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది ఉండాలి, ప్రధానంగా పనిచేసే మగవాళ్ళలో 75 శాతం మంది వ్యవసాయం కాని పనుల్లో ఉండాలి. ఈ మూడూ ఉంటే లెక్కల్లో అది పట్టణమే. కానీ ఆ లెక్క ఒక్కటే ఊరిని మున్సిపాలిటీ చేయదు. జనగణన శాఖ పట్టణం అన్నా, పాలన సర్పంచ్ చేతుల్లోనే ఉంటుంది. దాన్ని మార్చాలంటే రాష్ట్ర ప్రభుత్వం జీవో ఇవ్వాలి. మార్చాలా వద్దా, ఎప్పుడు మార్చాలి, విడిగా నిలబెట్టాలా, పక్క నగరంలో కలపాలా అన్నవన్నీ సచివాలయంలో తేలే విషయాలు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఊరి జనం కోరుకుంటే, గ్రామసభ తీర్మానం చేస్తే మున్సిపాలిటీ వస్తుందని, వద్దంటే రాదని అనుకుంటారు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పద్ధతి కొంచెం అలాగే ఉంటుంది. అక్కడి నివాసితులు సంతకాలు సేకరిస్తారు, ఓటింగ్ జరుగుతుంది, మెజారిటీ వస్తే కొత్త పురపాలక సంఘం పుడుతుంది. మన దగ్గర ఆ ఓటింగ్ లేదు. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం చేరిన 243 క్యూ అధికరణం మూడు మెట్లు పెట్టింది: పల్లె నుంచి పట్టణంగా మారుతున్న ప్రాంతానికి నగర పంచాయతీ, చిన్న పట్టణానికి మున్సిపల్ కౌన్సిల్, పెద్ద నగరానికి కార్పొరేషన్. ఏది ఏ మెట్టు మీద ఉండాలో గవర్నరు, అంటే ఆచరణలో రాష్ట్ర ప్రభుత్వం, నోటిఫికేషన్ ద్వారా చెబుతుంది. చూడాల్సినవి జనాభా, జనసాంద్రత, స్థానిక పాలనకు వచ్చే ఆదాయం, వ్యవసాయేతర పనుల్లో ఉన్నవాళ్ళ శాతం, ఆర్థిక ప్రాధాన్యం. చివర్లో 'ఇతర అంశాలు' అన్న మాట కూడా ఉంది. ప్రభుత్వానికి కావలసినంత వెసులుబాటు ఆ చివరి మాటలోనే ఉంది.

జనం అభిప్రాయానికి అసలు చోటే లేదని కాదు. పంచాయతీని రద్దు చేసేటప్పుడు 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం, మున్సిపాలిటీని ఏర్పరచేటప్పుడు 1965 నాటి మున్సిపాలిటీల చట్టం వర్తిస్తాయి. అభ్యంతరాలు చెప్పుకోవడానికి ఒక దశ ఉంటుంది. మామూలుగా ఫైలు కదిలే దారి ఇది: పంచాయతీ తీర్మానమో, ప్రజాప్రతినిధి లేఖో, అధికారుల ప్రతిపాదనో ముందు కలెక్టరు దగ్గరకు చేరుతుంది. జిల్లా పంచాయతీ అధికారి జనాభా, ఆదాయం, సరిహద్దుల వివరాలు ఇస్తారు. అక్కడి నుంచి పురపాలక శాఖకు వెళ్తుంది. ఒక శాఖ పంచాయతీని డినోటిఫై చేస్తుంది, ఇంకో శాఖ మున్సిపాలిటీని నోటిఫై చేస్తుంది. గెజిట్‌లో సరిహద్దులతో సహా ప్రకటన వస్తుంది. అదే రోజు సర్పంచ్ చెక్‌పవర్ పోతుంది, ప్రత్యేకాధికారి (స్పెషల్ ఆఫీసర్) వస్తారు, పంచాయతీ కార్యాలయం బోర్డు మారుతుంది. పంచాయతీ ఆస్తులతో పాటు దాని అప్పులు, కరెంటు బకాయిలు కూడా కొత్త సంస్థ నెత్తికే వస్తాయి.

అభ్యంతరాలకు బలమెంత అన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 1989లోనే జవాబిచ్చింది. మహారాష్ట్రలో ఠాణే కలెక్టరు మీద వచ్చిన ఒక కేసులో, స్థానిక సంస్థల హద్దులు మార్చడం శాసనం చేయడం లాంటి పని అని, ఒక్కొక్కరినీ పిలిచి వినాల్సిన అవసరం లేదని, చట్టంలో ఎంతవరకు అవకాశం ఇచ్చారో అంతవరకు ఇస్తే చాలని చెప్పింది. కాబట్టి 'మమ్మల్ని అడగలేదు' అంటూ కోర్టుకు వెళ్ళేవాళ్ళు, చట్టంలో రాసిన ఏ మెట్టును ప్రభుత్వం దాటేసిందో చూపించగలగాలి. మా ఊరికి మున్సిపాలిటీ ఇష్టం లేదు అన్న వాదన ఒక్కటే నిలబడదు.

అయినా గ్రామసభ ఉత్త తంతు కాదని అమరావతి ఊళ్ళు చూపించాయి. 2022 జనవరిలో రాజధాని ప్రాంతంలోని 19 గ్రామాలతో కార్పొరేషన్ చేయాలని ప్రతిపాదించి గ్రామసభలు పెట్టారు. సభలు వద్దన్నాయి. రాజధాని కోసం భూములిచ్చినప్పుడు మొత్తం 29 గ్రామాలు ఒక్కటి, ఇప్పుడు వాటిని చీలుస్తారా అన్నది అక్కడి అభ్యంతరం. అదే ఏడాది సెప్టెంబరులో 22 గ్రామాలతో మున్సిపాలిటీ అంటూ మళ్ళీ సభలు పెట్టారు. మళ్ళీ అదే జవాబు వచ్చింది. ఆ ప్రతిపాదనలు ముందుకు సాగలేదు. తీర్మానానికి చట్టంలో ఉన్న బలం కొంతే. రాజకీయంగా దాని బరువు వేరు, కోర్టులో అది రికార్డుగా ఉపయోగపడే తీరు వేరు.

ఈ గొడవ ఈ ప్రాంతానికి కొత్తదేమీ కాదు. వందేళ్ళ కిందట, అప్పట్లో గుంటూరు జిల్లాలో ఉన్న చీరాలలో ఇదే జరిగింది, ఇంతకన్నా ఘాటుగా జరిగింది. చీరాల, పేరాల చుట్టుపక్కల ఊళ్ళతో కలిసి యూనియన్ అనే ఒక చిన్న స్థానిక సంస్థగా ఉండేవి. ఏడాదికి సుమారు 4 వేల రూపాయల పన్ను వసూలయ్యేది. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాలలను మున్సిపాలిటీ చేసింది. పన్ను 40 వేలకు పెరుగుతుందని లెక్క తేలింది. అక్కడున్నది ఎక్కువగా నేతపనివాళ్ళు, చిన్న రైతులు. మున్సిపాలిటీ వద్దని అర్జీలు పెట్టారు. స్థానిక పాలన మంత్రిగా ఉన్న రామరాయణింగారు, అంటే పానగల్లు రాజా, ఒప్పుకోలేదు. పన్ను కట్టబోమన్నవాళ్ళను జైలుకు పంపారు. వారిలో ఒక స్త్రీ కూడా ఉంది.

ఉద్యమాన్ని నడిపించింది దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఎడిన్‌బరోలో చదువుకుని వచ్చిన మనిషి, రామదండు అనే వాలంటీర్ల దళాన్ని కట్టినవాడు. 1921 మార్చి చివర్లో విజయవాడలో కాంగ్రెస్ కమిటీ సమావేశానికి వచ్చిన గాంధీ ఏప్రిల్‌లో చీరాల వెళ్ళారు. అహింసగా పన్ను నిరాకరించడం ఒక దారి, ఊరినే వదిలిపెట్టడం రెండో దారి అని చెప్పారు. జనం రెండోది ఎంచుకున్నారు. మున్సిపాలిటీ హద్దు దాటితే మున్సిపల్ పన్ను ఉండదు కదా! సుమారు 15 వేల జనాభాలో 13 వేలకు పైగా హద్దు బయట తాటాకు పాకలు వేసుకుని, దానికి రామ్‌నగర్ అని పేరు పెట్టుకుని 11 నెలలు గడిపారు. గోపాలకృష్ణయ్య జైలుకు వెళ్ళాక, డబ్బూ ఓపికా అయిపోయాక తిరిగి వచ్చారు. మున్సిపాలిటీ అప్పటికి రద్దు కాలేదు. ఇవాళ చీరాల మున్సిపాలిటీయే.

స్వాతంత్ర్య పోరాటంలో ఒక ఘట్టంగా చీరాల-పేరాలను పాఠాల్లో చదువుకున్నాం. దాని లోపల ఉన్న పన్నుల లెక్కను మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. అక్కడి జనం అడిగింది రెండే: మా మీద పన్ను పదింతలు ఎవరు పెంచుతున్నారు, ఆ డబ్బు ఖర్చుపెట్టేటప్పుడు మా మాట ఎవరు వింటారు? ఈ రెండు ప్రశ్నలకు ఇప్పటి శివారు ఊళ్ళలో ఎంతవరకు జవాబు దొరుకుతోందో చూడాలి.

ముందు పన్ను సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్ నుంచి పట్టణాల ఆస్తి పన్ను అద్దె విలువ మీద కాకుండా మూలధన విలువ మీద వేస్తున్నారు. ఇళ్ళకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం దాకా, దుకాణాలు, ఆఫీసుల లాంటి వాటికి 0.20 నుంచి 2 శాతం దాకా వేయవచ్చు. పాత పన్ను మీద ఒక ఏడాదిలో 15 శాతానికి మించి పెరగకూడదన్న పరిమితి పెట్టారు. లెక్క వేసి చూస్తే ఇలా ఉంటుంది. స్థలం, కట్టడం కలిపి 30 లక్షల విలువున్న ఇల్లు అనుకుందాం. 0.12 శాతం చొప్పున ఏడాదికి 3,600 రూపాయలు. ఆ ఇంటికి ఇంతకు ముందు 1,500 కడుతున్నారనుకుంటే, 15 శాతం పరిమితి వల్ల మొదటి ఏడాది 1,725, రెండో ఏడాది 1,984, మూడో ఏడాది 2,281 అవుతుంది. ఇలా ఆరేళ్ళు పెరిగినా 3,470 దగ్గరే ఉంటుంది, ఏడో ఏడాదికి గానీ పూర్తి పన్ను అందుకోదు. ఒక్కసారిగా నెత్తిన పడదు, కానీ ప్రతి ఏడాదీ డిమాండ్ నోటీసులో అంకె పెద్దదవుతూనే ఉంటుంది. పైగా భూముల విలువలు సవరించినప్పుడల్లా చేరాల్సిన గమ్యం కూడా జరుగుతుంది.

ఇంటి పన్ను కన్నా గట్టిగా తగిలేది ఖాళీ స్థలం పన్ను. పిల్లల చదువుకో పెళ్ళికో పనికొస్తుందని పోరంకిలో 200 గజాలు కొని వదిలేసినవాళ్ళకు మున్సిపాలిటీ వచ్చాకే ఆ పన్ను సంగతి తెలుస్తుంది. చాలామంది ప్లాన్ అప్రూవల్‌కో, అమ్మకానికో వెళ్ళినప్పుడు బకాయితో కలిపి చూసి టెన్షన్ పడతారు. అనుమతి లేని లేఅవుట్‌లో కొన్నవాళ్ళది ఇంకో తలనొప్పి.

పోయేవి కూడా ఉన్నాయి. ఉపాధి హామీ పనులు గ్రామీణ ప్రాంతాలకే. ఊరు పట్టణం అయిన రోజు నుంచి ఆ పనులు ఉండవు. కానూరు అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళకు ఇది పట్టదు. కానీ మున్సిపాలిటీ హద్దులు గీసేటప్పుడు అపార్ట్‌మెంట్లతో పాటు పొలాలు, కూలీల పేటలు కూడా లోపలికి వస్తాయి. ఒకే పంచాయతీలో రోడ్డు పక్కన షోరూమ్ ఓనరు, వెనక పొలంలో కూలీ ఉంటారు. మున్సిపాలిటీ ఇద్దరికీ ఒకేలా అనిపించదు. గ్రామీణ పథకాల కింద వచ్చే నిధులు ఆగి, పట్టణ పథకాల నిధులు మొదలయ్యే మధ్య కాలంలో రెండువైపులా అందకపోయే ఇబ్బంది కూడా ఉంటుంది.

మరి వచ్చేదేమిటి? కమిషనరు, ఇంజినీరింగ్ విభాగం, టౌన్ ప్లానింగ్ విభాగం, శానిటేషన్ సిబ్బంది. రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్‌లో పట్టణాలకు 18 పనులు అప్పగించారు. అందులో నగర ప్రణాళిక, భవనాల నియంత్రణ, నీటి సరఫరా, మురికివాడల అభివృద్ధి ఉన్నాయి. 50 వేల మంది ఉన్న ఊరిలో ఒక పంచాయతీ కార్యదర్శి, కొద్దిమంది పారిశుధ్య కార్మికులతో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ల మురుగు సంగతి చూడమంటే కుదిరే పని కాదు. భూగర్భ డ్రైనేజీ లాంటి పెద్ద పనికి డీపీఆర్, అంటే వివరమైన ప్రాజెక్టు నివేదిక, తయారుచేసి, పెద్ద పథకం నుంచి నిధులు తెచ్చే స్తోమత పంచాయతీకి ఉండదు. ఆ మాటకొస్తే చిన్న మున్సిపాలిటీకి కూడా అంతంతమాత్రమే.

అందుకే రెండో ప్రశ్న వస్తుంది: విడిగా నిలబడాలా, నగరంలో కలవాలా? విజయవాడ అనుభవంలో రెండు దారులూ ఉన్నాయి. 1888లో మున్సిపాలిటీ అయిన విజయవాడ 1981లో కార్పొరేషన్ అయింది. 1985లో పటమట, గుణదల, భవానీపురం పంచాయతీలను, పాయకాపురం, కుందావారి కండ్రికలను కలుపుకుంది. ఇవాళ పటమట ఒకప్పుడు వేరే ఊరని గుర్తున్నవాళ్ళే తక్కువ. ఆ పక్కనే ఉన్న కానూరు, తాడిగడపలు కలవలేదు, తర్వాత సొంత మున్సిపాలిటీ అయ్యాయి. ఏలూరు రోడ్డు మీద నగర ముఖద్వారం లాంటి రామవరప్పాడు, హైదరాబాద్ వైపు గొల్లపూడి 2021లో కూడా సర్పంచ్ ఎన్నికలే చూశాయి. 'గ్రేటర్ విజయవాడ' ప్రతిపాదన ప్రతి ప్రభుత్వంలోనూ ఒకసారి పైకి లేస్తుంది, మళ్ళీ పడుకుంటుంది.

విలీనానికి అనుకూలంగా ఉన్న గట్టి వాదన నీళ్ళది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి అజిత్‌సింగ్‌నగర్ చుట్టుపక్కల ప్రాంతాలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. ఆ నీళ్ళు కొల్లేరు వైపు పోవాలంటే నగరం దాటి ఏనికేపాడు దగ్గర కాలువ కిందుగా కట్టిన అండర్ టన్నెల్ (యూటీ) గుండా వెళ్ళాలి. మునిగేది కార్పొరేషన్, నీళ్ళు పోవాల్సిన దారి పంచాయతీల మీదుగా. వాగుకు వార్డు నంబరు తెలియదు. డ్రైనేజీ, చెత్త, మంచినీరు, బస్సులు లాంటివన్నీ ఒకే ప్రణాళికలో ఉండాలనేవాళ్ళ మాటలో బలముంది. దానికి ఊళ్ళన్నిటినీ కార్పొరేషన్‌లో కలిపేయడం ఒక్కటే మార్గమా అన్నది వేరే చర్చ. ప్రాంతీయ ప్రణాళిక కోసం సీఆర్‌డీఏ అనే రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ 2014 చట్టంతో వచ్చే ఉంది.

విడిగా ఉండాలనేవాళ్ళ వాదన ఆదాయం, దగ్గరితనం. బందరు రోడ్డు షోరూములు, కాలేజీలు, కల్యాణ మండపాల పన్ను కానూరు వీధులకే ఖర్చవ్వాలి, నగరం నడిబొడ్డున ఫ్లైఓవర్ లైట్లకు కాదు అంటారు. న్యాయమైన మాటే. అయితే పారిశ్రామికవాడల్లో పన్ను వసూలు చేసేది 'ఐలా' అనే వేరే స్థానిక సంస్థ, అది మున్సిపాలిటీకి ఒక వాటా మాత్రమే ఇస్తుంది. పైకి కనిపించే ఫ్యాక్టరీలన్నీ తమ ఖజానా అనుకుంటే లెక్క తప్పుతుంది. తాడిగడప విషయంలో ఇంకో విచిత్రం ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు కేంద్రమైంది. కానూరు, పోరంకి ఉన్న పెనమలూరు మండలం కృష్ణా జిల్లాలో ఉండిపోయింది. బెంజ్ సర్కిల్‌కు కూతవేటు దూరంలో ఉన్నవాళ్ళు కలెక్టరును కలవాలంటే 60 కిలోమీటర్లకు పైగా మచిలీపట్నం వెళ్ళాలి. నగరానికి అతుక్కుని ఉన్న పట్టణం, నగరం లేని జిల్లాలో ఉంది. మున్సిపాలిటీ పేరులో మొదట ఉన్న 'వైఎస్సార్' అన్న మాటను తర్వాతి ప్రభుత్వం తీసేసింది. పేరు విషయంలో చూపించిన చురుకు ఎన్నికల విషయంలో కనిపించలేదు.

అసలు సమస్య ఇదే. మున్సిపాలిటీ పుట్టిన తర్వాత దానికి పాలకవర్గం ఎప్పుడొస్తుంది? 2021 మార్చిలో రాష్ట్రమంతా మున్సిపల్ ఎన్నికలు జరిగినప్పుడు తాడిగడప ఆ జాబితాలో లేదు. ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు జరిగినప్పుడు అది పంచాయతీ కూడా కాదు. 2025 వచ్చినా స్పెషల్ ఆఫీసర్ పాలనే. గుంటూరు వైపు మంగళగిరి, తాడేపల్లి కథ ఇంకా పెద్దది. 2014లో ఎన్నికైన రెండు మున్సిపాలిటీల పాలకవర్గాల గడువు 2019లో ముగిసింది. 2021లో ఆ రెండింటినీ చుట్టుపక్కల ఊళ్ళతో కలిపి మంగళగిరి-తాడేపల్లి కార్పొరేషన్ చేశారు. హోదా పెరిగింది. కార్పొరేటర్లు మాత్రం ఏళ్ళు గడిచినా రాలేదు. హోదా పెరిగిన కొద్దీ ఎన్నికైనవాళ్ళు తగ్గిపోవడం మన దగ్గరే చూస్తాం.

గుంటూరు కార్పొరేషన్‌ది దీనికి ముందున్న ఉదాహరణ. 1866 నుంచి మున్సిపాలిటీగా, 1994 నుంచి కార్పొరేషన్‌గా ఉన్న నగరం అది. 2010లో పాలకవర్గం గడువు ముగిసింది. 2012లో నల్లపాడు, గోరంట్ల, ఏటుకూరు, బుడంపాడు, రెడ్డిపాలెం సహా పది ఊళ్ళను కలిపారు. విలీనం, వార్డుల విభజన, కోర్టు కేసుల చిక్కుల్లో పడి 2014లో విజయవాడకు ఎన్నికలు జరిగినా గుంటూరుకు జరగలేదు. చివరికి 2021 మార్చిలో 57 డివిజన్లకు ఎన్నికలయ్యాయి. ఈ మధ్యలో నల్లపాడు మనిషి వీధి దీపం వెలగకపోతే సర్పంచ్‌ను అడగడానికి సర్పంచ్ లేడు, కార్పొరేటర్‌ను అడగడానికి కార్పొరేటర్ లేడు. పన్ను నోటీసు మాత్రం టైముకు వచ్చేది.

పాలకవర్గం అయిదేళ్ళ గడువు ముగిసేలోపు ఎన్నికలు పూర్తి చేయాలని, మధ్యలో రద్దయితే ఆరు నెలల్లో జరపాలని రాజ్యాంగం 243 యూ అధికరణంలో స్పష్టంగా ఉంది. వార్డుల విభజన పూర్తి కాలేదన్న సాకు చెల్లదని సుప్రీంకోర్టు 2006లో అహ్మదాబాద్ కార్పొరేషన్ కేసులో చెప్పింది. కానీ కొత్తగా పుట్టిన సంస్థకు మొదటి ఎన్నిక ఎన్నాళ్ళలో జరగాలన్నది అంత సూటిగా రాసి లేదు. ఆ సందులోంచే స్పెషల్ ఆఫీసర్ పాలన పొడిగింపు జీవోలు వస్తుంటాయి. జనాభా లెక్క తేలాలి, వార్డులు గీయాలి, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మహిళా రిజర్వేషన్లు ఖరారు చేయాలి, ఓటర్ల జాబితాను వార్డులవారీగా విడగొట్టాలి. అంతా అయ్యాక రాష్ట్ర ఎన్నికల సంఘం షెడ్యూల్ ఇవ్వాలి. ఇందులో ఏ ఒక్క మెట్టు దగ్గరైనా కోర్టు కేసు పడవచ్చు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా, ఓడిపోతామేమోనన్న ఊళ్ళో ఈ పనులు నెమ్మదిగా సాగుతాయి. ఇది ఆరోపణ కాదు, రెండు మూడు దశాబ్దాలుగా అందరూ చూస్తున్నదే.

దీనికి డబ్బు నష్టం కూడా ఉంది. కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంట్లకు ఎన్నికైన పాలకవర్గం ఉండాలన్న షరతు ఉంది. స్పెషల్ ఆఫీసర్ పాలనలో ఉన్న ఊరు ఆ గ్రాంట్లు పోగొట్టుకుంటుంది. పన్నులు పెంచుకుని, గ్రాంట్లు పోగొట్టుకుని స్వతంత్ర మున్సిపాలిటీ అనిపించుకోవడంలో స్వతంత్రం ఎక్కడుందో ఆలోచించాల్సిందే.

ఎన్నికలు జరిగిన చోట ఏమవుతుందో కొండపల్లి చూపించింది. కొండపల్లి, ఇబ్రహీంపట్నం కలిపి చేసిన ఆ మున్సిపాలిటీకి 2021 నవంబరులో మొదటిసారి ఓట్లు పడ్డాయి. 29 వార్డుల్లో తెలుగుదేశానికి 14, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 14, ఒక స్వతంత్ర అభ్యర్థి. ఆ స్వతంత్ర అభ్యర్థి తెలుగుదేశం వైపు వచ్చారు. అప్పుడు లెక్క ఎక్స్ అఫీషియో ఓట్ల మీదకు, అంటే వేరే పదవి వల్ల దక్కే ఓట్ల మీదకు, మళ్ళింది. మున్సిపల్ చైర్మన్‌ను జనం నేరుగా ఎన్నుకోరు, కౌన్సిలర్లు ఎన్నుకుంటారు. స్థానిక ఎమ్మెల్యే, ఎంపీ కూడా ఓటు వేయవచ్చు. అప్పటి విజయవాడ ఎంపీ కేశినేని నాని ఓటు అక్కడ చెల్లుతుందా లేదా అన్న గొడవ హైకోర్టుకు వెళ్ళింది. బొమ్మలకు పేరున్న ఊరు కొన్ని రోజుల పాటు టీవీ చర్చల్లో క్యాంపు రాజకీయాలకు పేరు తెచ్చుకుంది.

ఇదంతా గ్రామ పంచాయతీలో ఉండదు. సర్పంచ్‌ను ఊరంతా నేరుగా ఎన్నుకుంటుంది, ఎన్నిక పార్టీ గుర్తుల మీద జరగదు. మున్సిపాలిటీ అయ్యాక పార్టీ బీఫాం లేనివాడికి చైర్మన్ కుర్చీ దాదాపు అందదు. పేరుకు పార్టీ లేని పంచాయతీ ఎన్నికల్లోనూ పార్టీలు ఉంటాయనేది నిజమే. కానీ ఊళ్ళో పది మందికి తలలో నాలుకలా ఉండే మనిషి సొంత బలంతో గెలిచే అవకాశం సర్పంచ్ ఎన్నికలో ఉన్నంతగా మున్సిపాలిటీలో ఉండదు. యనమలకుదురులో శివరాత్రికి ప్రభల పోటీ ఏ స్థాయిలో జరుగుతుందో చూసినవాళ్ళకు అక్కడి ఊరి కట్టు ఎంత బలమైనదో తెలుస్తుంది. ప్రభ కట్టే పేటకు కౌన్సిల్‌లో ఎవరు దక్కుతారన్నది వార్డు గీత ఎక్కడ పడుతుందన్నదాన్ని బట్టి ఉంటుంది. పెద్ద పేటను రెండు వార్డుల మధ్య చీలిస్తే ఆ పేట మాట రెండు చోట్లా మైనారిటీ అవుతుంది.

స్పెషల్ ఆఫీసర్ అంటే చెడ్డ పాలన అని కూడా తేల్చేయలేం. కొందరు అధికారులు కాలువలు తీయించి, ఆక్రమణలు తొలగించి పని చేసిన సందర్భాలున్నాయి. 1865 నాటి మద్రాసు చట్టం కింద గుంటూరు మున్సిపాలిటీ పుట్టినప్పుడు కూడా కలెక్టరే అధ్యక్షుడు, సభ్యులు నామినేటెడ్. పోలీసుల ఖర్చు పట్టణాల మీదకు నెట్టడం ఆ చట్టం ఉద్దేశాల్లో ఒకటి. అధికారి పాలనతో మొదలై ఎన్నికైన కౌన్సిల్‌కు రావడానికి అప్పుడు దశాబ్దాలు పట్టింది. ఇప్పుడు రాజ్యాంగం ఉంది, ఎన్నికల సంఘం ఉంది, అంత ఓపిక పట్టాల్సిన అవసరం లేదు. అధికారి మంచివాడైతే రోడ్డు పడుతుంది, బదిలీ అయితే ఆగిపోతుంది. ఏ రోడ్డు ముందు, ఏ పేట తర్వాత అన్నది వార్డులో అడిగే మనిషి ఉంటేనే బయట తేలుతుంది.

ఊరి స్థాయిలో జనం చేతిలో ఉన్న సమయం తక్కువ. ముసాయిదా నోటిఫికేషన్ వచ్చి, అభ్యంతరాలకు గడువు ముగిసేలోపు ఉన్న ఆ కొన్ని రోజులే. ఆ టైములో చాలా ఊళ్ళు 'మాకు మున్సిపాలిటీ వద్దు' అనో 'వెంటనే చేయాలి' అనో ఒక వాక్యంతో తీర్మానం చేసి పంపుతాయి. అది పెద్దగా పనికిరాదు. సర్వే నంబర్లతో హద్దుల మ్యాప్ అడగడం, పొలాలు, కూలీల పేటలు హద్దులోకి ఎందుకు వస్తున్నాయో రాతపూర్వకంగా ప్రశ్నించడం, పంచాయతీ గత మూడేళ్ళ ఆదాయ వ్యయాలు జతచేయడం, మొదటి ఎన్నిక ఎప్పటిలోగా పెడతారో నోటిఫికేషన్‌లోనే రాయమని కోరడం పనికొస్తాయి. ప్రభుత్వం వాటిని పక్కన పెట్టవచ్చు. కానీ రేపు కోర్టులో, చట్టంలోని ఏ మెట్టు దాటేశారో చూపించడానికి అవే కాగితాలు కావాలి. వార్డుల ముసాయిదా వచ్చినప్పుడు కూడా ఇదే పద్ధతి. నిజానికి వార్డుల అభ్యంతరాల దశను జనం పట్టించుకోరు, పార్టీలవాళ్ళు మాత్రమే పట్టించుకుంటారు.

2027 జనగణన కోసం పాలనా సరిహద్దులు 2025 డిసెంబరు 31తో స్తంభించాయి. అంటే లెక్కలు పూర్తయ్యేదాకా కొత్త హద్దుల మార్పులు ఉండవు. 2011 తర్వాత ఈ శివార్లలో ఎంత జనం చేరారో ఆ లెక్కలు వచ్చాక గానీ అధికారికంగా తెలియదు. రామవరప్పాడు, ప్రసాదంపాడు, గొల్లపూడిల ఫైళ్ళు ఆ అంకెలతోనే మళ్ళీ కదులుతాయి. అప్పటికి తాడిగడప, మంగళగిరిల్లో ఓట్లు పడి ఉంటాయా అన్నదాన్ని బట్టి ఆ ఊళ్ళ గ్రామసభలు ఏ తీర్మానం రాస్తాయో తేలుతుంది.